దిగే సీటు, అరిగే చెప్పు

నీరజ సైకిల్ సీటు దానంతటదే కిందికి దిగేది. పొద్దున్నే తొక్కి వచ్చి, వసారాలో గోడకు ఆనించి, పాఠాలు చెప్పడానికి బడికి పోయేది. మర్నాడు ఎక్కి కూర్చుంటే మోకాళ్లు మడతపడేవి. చూస్తే సీటు రెండు వేళ్లు దిగి ఉండేది. తొర్రూరులో మెకానిక్కుకు చూపిస్తే గట్టిగా బిగించి పంపాడు. మళ్లీ దిగింది. పత్తి ఏరడానికి వచ్చే కూలీల పిల్లల పనే అయి ఉంటుందని వాళ్లను ఒకసారి కసిరింది కూడా. పాపం, వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆ ఇంట్లో అంతుబట్టని సంగతి ఇంకొకటుంది. అది అత్తగారు యాకమ్మ కుడికాలి చెప్పు. ఏ జత కొన్నా ఎడమది కొత్తదానిలాగే ఉండేది, కుడిది మాత్రం నెల తిరక్కుండా అడుగున బొక్కపడేది. అమ్మ కాలు ఈడుస్తోందని కొడుకు రాంచందర్ బెంగపడి, జనగామ దవాఖానకు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు. ఎముకలు ఉక్కులా ఉన్నాయని డాక్టరు చెప్పినా మనసు ఊరుకోక మోకాలికి పట్టీ కొన్నాడు. ఒక్క మాటంటే నాలుగు మాటలు అప్పజెప్పే యాకమ్మ ఆ పట్టీని మాత్రం కిక్కురుమనకుండా కట్టుకుంది. అక్కడే అనుమానించవలసింది. ఇద్దరు చదువుకున్నవాళ్లున్న ఇల్లు, ఒక్కరికీ తట్టలేదు.

మామగారు పోయాక పాలకుర్తి శివారులోని ఆ ఇంటి పెత్తనమంతా యాకమ్మదే. కోడలు సైకిల్ కొన్న రోజు మూతి ముడిచింది గాని, ఊళ్లో తొక్కుకోనిచ్చింది. అసలు గొడవ జనగామ సైకిల్ జట్టు విశాఖపట్నం దాకా పోదామని అనుకున్నప్పుడు వచ్చింది. తొక్కుకుంటూ పోవడం, సముద్రం ఒడ్డున రెండు రోజులు హాయిగా గడపడం, రైల్లో సైకిళ్లు వేసుకుని తిరిగి రావడం. నీరజ పేరిచ్చి వచ్చిందని తెలియగానే యాకమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఊర్లె తొక్కినవ్, ఊకున్న. సైకిలేసుకొని ఊరు దాటినవో, అన్నారం బాబా తోడు, దాన్ని పాత ఇనుపసామానోనికి తూకమేస్త!"

అన్నారం దర్గాలో యాకూబ్ బాబాకు మొక్కితే పుట్టిన బిడ్డ గనక ఆమెకు యాకమ్మ అని పేరు పెట్టారు. బాబా మీద ఒట్టేసి తప్పిన చరిత్ర ఆమెకు లేదు. ఒకసారి మరిది మీద కోపంతో ఇక చాయ్ ముట్టనని ఒట్టేసి, ఈ రోజుదాకా ముట్టలేదు. అంచేత నీరజకు ఆ బెదిరింపు ఉత్త బెదిరింపుగా అనిపించలేదు. పెళ్లయ్యాక తనకంటూ తాను కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు అది. దాని మీదున్నంతసేపు ఆమె ఎవరికీ టీచరు కాదు, కోడలు కాదు. అది పాతసామాను బండెక్కి పోతే మళ్లీ కొనే ధైర్యం రాదని ఆమెకు తెలుసు.

అదృష్టం కలిసొచ్చి, ప్రయాణానికి ముందే యాకమ్మ భూపాలపల్లిలో ఉన్న కూతురు యమున ఇంటికి పోయింది. యమున భర్త అక్కడి బొగ్గు బాయిలో పనిచేస్తాడు.

"అవ్వ ఇప్పట్ల రాదు. చప్పుడు చెయ్యక పోయిరా," అన్నాడు రాంచందర్.

"తెలిస్తె?"

"తెలిస్తె నాకేం తెల్వదంట," అన్నాడు, మగధీరుడు.

జట్టుతో బయల్దేరింది. తొర్రూరు దాటి దంతాలపల్లి రాగానే నీరజ చున్నీ తీసి కళ్లు తప్ప మొహమంతా చుట్టేసింది. పక్కన తొక్కుతున్న సులోచన, మానుకోటలో నర్సు, కిసుక్కున నవ్వింది.

"ఎండ గూడ లేదు, గా ముసుగేందక్కా?"

"మా అత్తమ్మ అవ్వగారి ఊరు. గీడ కుక్క గూడ చాడీలు చెప్తది."

ఖమ్మం వచ్చింది, గోదారి వంతెన వచ్చింది, తుని వచ్చింది. తొడలు మండాయి, చేతుల మీద తోలు ఊడింది. భయం మాత్రం ఊడలేదు. ఏ మలుపులో ఎవరు ఎదురుపడి "మీ అత్తమ్మ మంచిగున్నదా" అంటారోనని తల వంచుకునే తొక్కింది. చివరికి విశాఖ సముద్రం కళ్లపడ్డప్పుడు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చాక ఇక ఎవరు చూస్తారులే అని ముసుగు తీసేసింది.

మర్నాడు పొద్దున బీచ్ రోడ్డు మీదికి పోలీసులు బండ్లను రానివ్వలేదు. రోడ్డంతా జనానిదే. స్కేటింగ్ పిల్లలు, పరుగెత్తే బొజ్జలు, కిరాయి సైకిళ్ల మీద కొత్త జంటలు. సులోచన నీళ్లలోకి పోయింది. నీరజ తన సైకిల్‌కు ఆనుకుని కొబ్బరిబోండం తాగుతోంది. అంతలో దూరం నుంచి కేకలు వినిపించాయి.

"మామ్మగారూ! బ్రేకండీ! చేతికిందే ఉంది, పట్టుకోండి!"

కిరాయి సైకిళ్లతను చేతులూపుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు. అతనికి చాలా ముందుగా ఎర్ర సైకిల్ మీద ఒక ముసలామె దూసుకొస్తోంది. నాటు వేసేటప్పటిలా చీర గోచి పెట్టింది. గంట ఆపకుండా కొడుతోంది. జనం రెండుగా చీలి దారిస్తున్నారు. ముసలామె బ్రేకు జోలికే పోలేదు. కుడికాలు కిందికి దించి చెప్పును రోడ్డుకు అదిమిపట్టింది. చెప్పు బర్రుమని రాచుకుంటూ వచ్చి, సైకిల్ సరిగ్గా నీరజ ముందు ఆగింది.

నీరజకు మొదట చెప్పు కనిపించింది. తానే కొన్న చెప్పు. తర్వాత మోకాలి పట్టీ. మొహం చూడటానికి ఆమెకు కొంత ధైర్యం కావలసి వచ్చింది.

కొబ్బరిబోండం చేతిలోంచి జారిపోయింది. యాకమ్మ కూడా నోరు తెరిచి అలాగే ఉండిపోయింది, చెయ్యి మాత్రం అలవాటుగా ఇంకోసారి గంట కొట్టింది.

వెనకనుంచి యమున రొప్పుకుంటూ వచ్చింది. "అవ్వా, పడతవే... అయ్యో, వదినా! నువ్వేంది గీడ?"

బాయిలో పనిచేసేవాళ్ల కుటుంబాలన్నీ బస్సు మాట్లాడుకుని సింహాచలం వచ్చాయని, అవ్వను కూడా ఎక్కించుకొచ్చామని, దేవుణ్ని చూశాక ఇక్కడ దిగితే కిరాయి సైకిళ్లు చూసి అవ్వ ఆగలేదని యమున ఒక్క గుక్కలో చెప్పేసింది. అవ్వ సైకిల్ తొక్కుతుందని యమునకు కూడా అప్పుడే తెలిసిందట.

"నువ్వెట్లొచ్చినవే?" యాకమ్మ నీరజ సైకిల్ వంక చూస్తూ అడిగింది.

అబద్ధం ఆడటానికి నీరజకు నోరు రాలేదు. "తొక్కుకుంట వచ్చిన అత్తమ్మా."

"పాలకుర్తికెల్లి గీడిదాకనా?"

"ఆ."

యాకమ్మ సైకిల్ కూతురి చేతికిచ్చి, గట్టు మీద చతికిలబడింది. నీరజ కళ్లముందు ఒకటొకటే తిరిగాయి. అరిగిన చెప్పు, ఎక్స్‌రే, తాను కసిరిన పిల్లల మొహాలు.

"అత్తమ్మా, నా సీటు దించేది మీరా?"

"నీ కాళ్లు పొడుగు. నాకందుతయా? నువ్వు బడికి, వాడు పొలంకాడికి పోంగనే కల్లంల తిప్పుత." తప్పు దొరికినా గొంతు తగ్గించలేదు ఆమె. "మా బాపుకు దంతాలపల్లిల కిరాయి సైకిళ్ల దుకాణముండె. ఒక్కదానికి బ్రేకుంటె ఒట్టు. కాలుతోనే ఆపేది. నర్సింహులపేటల ఎవడన్న ఇడిసిపెడితె నేనే పోయి తొక్కుకొచ్చేదాన్ని. పెండ్లినాడు దిగిన. మల్ల నీ సైకిలొచ్చినంకనే ఎక్కిన."

నీరజకు కోపం ముంచుకొచ్చింది. దొంగలా మొహానికి ముసుగేసుకుని వచ్చిన దారంతా గుర్తొచ్చింది. "మరి నన్నెందుకు పోవద్దన్నరు? బాబా మీద ఒట్టెందుకు ఏసిన్రు?"

యాకమ్మ కాలి చెప్పు తీసి అడుగు చూసుకుంది. తర్వాత చిన్నపిల్లలా అంది: "నువ్వు పోతె సైకిల్ గూడ పోతది గద బిడ్డా."

ఇదా! నీరజ పరువనుకుంది, పెత్తనమనుకుంది, కోడలంటే పడక అనుకుంది.

"బాబాకు మేకను కోసి కందూరు చేసి ఒట్టు మాఫ్ చెయ్యమంట, అది నాకాడ వొదిలెయ్," అంది యాకమ్మ. ఆపైన గొంతు మారింది. "జర చెప్పు. ఎట్లుంటది? నాకు కల్లమే. మూల రాంగనే మలుపుడే. మలుపకుంట తిన్నగ పోతె ఎట్లుంటది?"

నీరజ కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు. చేతి వెనకతో కళ్లు తుడుచుకుని, సైకిల్ నిలబెట్టి, సీటు కింది పిడి వదులు చేసింది. సీటును రెండు వేళ్లు దించి, మళ్లీ బిగించి, సైకిల్‌ను అత్త ముందుకు తోసింది.