నమూనా కేసు

జిప్పులక్క కుట్టుకొట్టుకి తాళం పడితే, ఆ తాళం వేసింది ఓనరు కాదు, మీరు. కోర్టు కాగితాలు రాసిపెట్టే పారాలీగల్స్ కావాలని ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లకి పరీక్ష అని చెప్పి, అసలు కేసులు వాళ్లచేత రాయించుకుని, ఒక్కరినీ పనిలోకి తీసుకోకుండా మెట్లు దింపేసిన వకీలు గారూ, మీరే. జరిగింది చెబుతాను. కాదనగలిగితే కాదనండి.

మీ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. గుమ్మం పక్కన స్పాంజి బయటికొచ్చిన సోఫా, కింద బకెట్ పెట్టిన వాటర్ కూలర్. లోపల బల్లల దగ్గర మనుషులు నెలనెలా మారతారు. ఫైళ్లు మాత్రం కదలవు. వాటిని కదిలించడానికి మీ మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు. దావా కాగితాల్లో పేర్ల మీద తెల్లరంగు పూసి, జిరాక్స్ తీసి, ఉద్యోగానికొచ్చినవాళ్లకి పంచుతాడు.

"ఇవి నమూనా కేసులు. అంతా కల్పితం. దావా చదివి, అది ఎవరి మీద పడిందో వాళ్ల తరఫున జవాబు రాయండి. వివరాలు చాలకపోతే ఊహించి నింపేయండి. బుర్ర చురుకెంతో అక్కడే తెలుస్తుంది."

ఊహించమని ఎందుకన్నాడు? అసలు కేసని అనుమానం రాకుండా. వాళ్లు రాసిచ్చాక పేర్లు మళ్లీ ఎక్కించడం అతని పని. సంతకం పెట్టడం మీ పని. చదవడం ఎవరి పనీ కాదు.

అలా వచ్చినవాళ్లలో ఒకామె, పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక ఇంట్లో కూర్చునే పారాలీగల్ కోర్సు పూర్తిచేసింది. ఆడపడుచు ఆమెకి ప్లీడరమ్మ అని పేరు పెట్టింది. ఆమెకి ఇచ్చిన దావా చిన్నది. అద్దెకిచ్చిన కుట్టుకొట్టుని వాడకుండా మూసి ఉంచుతున్నారు, ఖాళీ చేయించండి అని ఓనరు కోరిక. అద్దెకున్న మనిషి గురించి అందులో ఒక్క ముక్క లేదు. ప్లీడరమ్మ ఊహించింది. వెన్నులో జబ్బు చేసి నాలుగు నెలలు మంచం పట్టిందని, అందుకే కొట్టు మూసిందని, దయ చూపాలని రాసింది.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఆ వాక్యాలు ఆడపడుచుకి వినిపించింది.

"అయ్యో పాపం. ఎవరు వదినా ఆవిడ?"

"ఎవరూ లేరు. ఉత్తి కల్పితం."

"అయితే ఇంకో జబ్బు కూడా తగిలించు. ఉద్యోగం ఖాయం!"

చదివిన వకీలెవరైనా ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసేవాడు. కొట్టు మూశామని మనమే ఒప్పుకుంటే ఓనరుకి ఇక సాక్షి దేనికి? మీరు చదవలేదు. జవాబు కోర్టుకెళ్లింది. ప్లీడరమ్మకి "కబురు చేస్తాం" అన్నారు. చేయలేదు.

తర్వాత ఒకరోజు ఆమె కొడుకు సంచికి జిప్పు వేయించడానికి వీధి చివర కొట్టుకి వెళ్లింది. అందరూ జిప్పులక్క అని పిలిచే మనిషి మిషను తొక్కుతోంది.

"రేపటికి ఇస్తావా అక్కా?"

"ఇస్తానో లేదో కోర్టుని అడుగు. మొన్న వాయిదాకి అక్కడ చదివి వినిపించారు, నాకు వెన్నులో జబ్బట. నాలుగు నెలలు మంచం మీద ఉన్నానట. రాసింది ఓనరు కాదు తల్లీ, నా వకీలే! మరి ఈ మిషను తొక్కింది ఎవరు, మా తాత దెయ్యమా?"

"సంతకం పెట్టేముందు చదవలేదా?"

"చదువుకున్నాయన రాశాడు కదా అని పెట్టేశాను."

ప్లీడరమ్మ కాసేపు సంచిని అటూ ఇటూ తిప్పింది.

"అది రాసింది నేనక్కా."

మిషను ఆగింది.

"నువ్వా? నీకు నేనేం చేశానే?"

"కల్పితం అన్నారు. నువ్వు ఉన్నావని తెలీదు."

"ఎదురుగా ఇంత మనిషిని ఉన్నానుగా!"

ఇద్దరూ కలిసి మీ ఆఫీసుకి వచ్చారు. ప్లీడరమ్మని చూసి, ఈవిడెవరో మాకు తెలీదు, మా స్టాఫ్ కాదు అన్నాడు మేనేజరు. మీరు గదిలోంచి తల బయటపెట్టి, "అమ్మా, కాగితం మీద సంతకం నీది" అన్నారు.

"పక్కన మీదీ ఉంది సార్" అంది జిప్పులక్క.

"రోజుకి ఎన్ని సంతకాలు పెడతానో నీకేం తెలుసు!"

తలుపు వేసుకున్నారు. మేనేజరు మెట్ల దాకా వచ్చి, ప్లీడరమ్మని పక్కకి పిలిచాడు. "ఒక పోస్టు ఖాళీ అయింది. ఒకటో తారీఖు నుంచి రండి. ఈ గొడవ మాత్రం ఇక్కడే వదిలేయండి."

ఇంటికెళ్లగానే ఆడపడుచు అడిగింది. "ఏమైంది వదినా? ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చింది."

"మరి ముఖం అలా ఉందేంటి? స్వీట్లు కొనాల్సి వస్తుందనా?"

ప్లీడరమ్మ కాగితం తీసుకుని కూర్చుంది. ఆ జబ్బు తను కల్పించిందేనని, ఎక్కడ, ఎవరు చెబితే కల్పించిందో, ఉన్నదున్నట్టు ప్రమాణపత్రం రాసింది. పొద్దున్నే నోటరీ దగ్గర సంతకం చేసి జిప్పులక్క చేతిలో పెట్టింది. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. ఆమె మీ మెట్లెక్కలేదు.

సోమవారం వాయిదా. వాళ్లిద్దరూ కోర్టు వరండాలో బెంచీ మీద ఉంటారు. ఆ కాగితం జిప్పులక్క సంచిలో ఉంటుంది. దాన్ని బయటికి తీయాల్సిన అవసరం వాళ్లకి రానివ్వకండి. కేసు పిలవగానే మీరు లేవండి. ఈ జవాబు నేను చదవకుండా సంతకం పెట్టాను, ఇందులో జబ్బు అబద్ధం, కొట్టు ఒక్కనాడూ మూతపడలేదు అని జడ్జి ముందు మీ నోటితో చెప్పండి. కొత్త జవాబు మీ చేత్తో రాసి, జిప్పులక్కకి చదివి వినిపించి, అప్పుడు సంతకం అడగండి. ఆ తర్వాత మీ బీరువాలోని నమూనా కేసులన్నీ కింద పరిచి, ఆ తెల్లరంగు కింద ఉన్న మనుషుల్ని ఒక్కొక్కరినీ పిలిపించండి. అవి రాసినవాళ్లని పనిలోకి తీసుకోండి, జీతంతో, పేరుతో.

ముందు మాత్రం సోమవారం లేచి నిలబడండి.