పేరు పిలిచినప్పుడు

కట్టెల మోపు బడి వెనక పొయ్యి దగ్గర దించి, కృపావరం మళ్ళీ వరుసలోకి పరుగెత్తాడు. ఓట్లు వేయించడానికొచ్చిన ఆఫీసర్ల వంటకు ఆ కట్టెలు. అంతకుముందు వాళ్ళ ఎడ్లకు గడ్డి. దానికీ ముందు, తెల్లవారకుండానే, ఇనప పెట్టెలు బండి మీంచి దించి బడిలోకి మోయడం. ఊరి వెట్టివాడంటే అంతే మరి. పనున్నవాడల్లా పిలుస్తాడు, పిలిచిన చోటికల్లా పోవాలి. మనిషి ఎండు చువ్వలా ఉంటాడు గానీ పిక్కలు మాత్రం రాళ్ళే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఇవే మొదటి ఎన్నికలు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ రోజు బడుల ముందే ఉన్నాయి. లోపల తెర వెనక రెండు పెట్టెలు పెట్టారు. ఒకదాని మీద తక్కెడ బొమ్మ, రెండోదాని మీద బండి బొమ్మ. చీటీ ఏ పెట్టెలో పడితే ఆ మనిషికి ఓటు. తక్కెడ గుర్తువాడు ఊరి పెద్ద ఓబుళరెడ్డికి బావమరిది. "యాడ ఏసినా నాకు తెలుస్తాదిరా" అని రెడ్డి, ఊరి బయట కృపావరం వాళ్ళుండే వాడ జనాన్ని నిన్ననే పిలిపించి మరీ చెప్పాడు. నంద్యాల నుంచి వచ్చే మిషను టీచరేమో, తెర చాటు సంగతి ఎవరికీ తెలియదు, నువ్వూ ఎవరికీ చెప్పకూడదు అని బైబిలు మీద ఒట్టేసి చెప్పాడు. ఎవరి మాట నమ్మాలి?

పోయిన ఎండాకాలం వాడవాళ్ళు చేతులు బొబ్బలెక్కేలా ఒక బావి తవ్వుకున్నారు. నన్నడక్కుండా తవ్వుతారా అని ఓబుళరెడ్డి దాన్ని పూడ్పించాడు. ఆ మట్టి మోసిందెవరనుకున్నారు? కృపావరమే! వెట్టి పని కదా, కాదంటే కుదురుతుందా? ఆ రోజు పెళ్ళాం బాలమ్మ అన్నం అతని ముందు పెట్టి, పూడ్చిన బావి వైపు తిరిగి కూర్చుంది.

బండి గుర్తాయన గెలిచి బావి తవ్విస్తాడన్న భ్రమ అతనికేం లేదు. ఓట్ల నాటి మాటలు నీటి మీద రాతలని తెలుసు. కానీ మట్టి మోసిన చేత్తోనే తక్కెడ పెట్టెలో చీటీ కూడా వేస్తే, ఇక తానేం మనిషి? పొద్దుటి నుంచి అతన్ని తినేస్తున్నది అదే.

ఆడవాళ్ళ వరుసలోంచి బాలమ్మ కసిరింది. "ఇదో, ఎవురు పిల్సినా కదలొద్దు. ఐదు కొడితే తలుపులేస్తారంట."

"యాడికీ పోనులే" అన్నాడు.

వరుస జరిగింది. గుమ్మం దాటాడు. ఇంతలో "కృపావరం!" అని గట్టిగా కేక.

"అయ్యా, వస్తాండా!" అంటూ ఒక్క గంతులో బయటికి దూకి, ఎదురుగా పందిట్లో కూర్చున్న ఓబుళరెడ్డి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రెడ్డి ఆకుకు సున్నం రాస్తున్నవాడు తలెత్తాడు. "ఏందిరా?"

"పిల్చినారు కదయ్యా."

"నేన్యాడ పిల్సినా?"

పందిరంతా ఘొల్లున నవ్వింది. పిలిచింది లోపలి గుమస్తా, ఓటు వేయమని! పుట్టిన దగ్గర్నుంచీ అతని పేరు ఎవరెత్తినా పని చెప్పడానికే. ఇంకెందుకైనా పిలుస్తారని ఆ కాళ్ళకెలా తెలుస్తుంది?

"వచ్చినావు కదా, తోటకాడ కూలోళ్ళు ఇంకా రాలేదు. బిరీన పిల్చుకరాపో" అన్నాడు రెడ్డి.

పోయాడు. పోకేం చేస్తాడు? దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు. పొద్దు వాలుతుంటే కాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నదీ చూసుకోలేదు. కూలీలను తోలుకొచ్చి, వాళ్ళ వెనకే ఆఖరివాడుగా నిలబడ్డాడు. బాలమ్మ అప్పటికే ఓటేసి గోడవారన కూర్చుని ఉంది.

కూలీలంతా ఓటేసి వచ్చాక, మొత్తం ఎన్ని పడ్డాయో కనుక్కోవడానికి ఓబుళరెడ్డి బడి వసారాలోకొచ్చాడు. మెట్టు కింద విడిచిన కిర్రుచెప్పుల మీద పడమటెండ సూటిగా పడుతోంది.

"ఒరే కృపావరం, చెప్పులు కాలిపోతాండాయి. నీడకు పెట్టు."

అదే క్షణంలో లోపలి నుంచి గుమస్తా కేక. "కృపావరం!"

అతను చెప్పుల వైపు వేయబోయిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"నా పేరు పిలుస్తాండారయ్యా" అని లోపలికి పోయాడు.

వేలికి సిరా పూశారు. తెర వెనక బండి బొమ్మ పెట్టెను ఒకసారి తడిమి చూసి చీటీ వేశాడు. చప్పుడు కూడా కాలేదు. ఇంతేనా అనిపించింది.

బయటికొచ్చి, రెడ్డి ముందు నుంచే మెట్లు దిగి బాలమ్మ దగ్గరికి నడిచాడు.

"ఏసినావా?"

"ఏసినా."

"యాడ?"

"చెప్పగూడదంట" అని నవ్వాడు. బాలమ్మ కళ్ళు తుడుచుకుంటూ తానూ నవ్వింది.

"రెడ్డి చూస్తాండాడు. ఈ ఊర్లో మనకింక నిప్పు పుట్టదు."

"నంద్యాల మిల్లులో నా తమ్ముడుండాడు కదా. పా, బస్సు పోకముందే."

మూట కట్టుకోవడానికి ఇంట్లో ఏముంది గనక! పొద్దు గుంకకుండానే ఇద్దరూ ఆళ్లగడ్డ రోడ్డెక్కారు.

ఐదు కొట్టి తలుపులు మూశారు. ఓబుళరెడ్డి వసారా అంచున ఉత్త కాళ్ళతో నిలబడి అటూ ఇటూ చూశాడు. జనమంతా అక్కడే ఉన్నారు. ఎవరూ వంగలేదు. మెట్టు కింద కిర్రుచెప్పులు విడిచినచోటే ఎండలో ఉన్నాయి.