పోలిక చుక్కలు

ముసలి నక్షత్రాలతో కాపురం చేస్తే మనిషికి ముసలితనం త్వరగా వస్తుంది. కావాలంటే నన్ను చూడండి. మూడేళ్లుగా నాది ఒకటే పని. ఆకాశాన్ని జల్లెడ పట్టే సర్వే దుర్భిణి పంపిన ఫోటోల్లో, చల్లబడి ఉబ్బిన ఎర్రటి పెద్ద చుక్కల వెలుగు కొలవడం. వాటిలో నలభై చుక్కలు ఏడాదికోసారి ఒకే తీరుగా పెరిగి తరుగుతున్నాయని కనిపెట్టాను. మా పెద్దాయన, అంటే మా విభాగాధిపతి, ఎగిరి గంతేశారు. దాని మీద నేను రాసిన వ్యాసం బయటికి వెళితే నా ఉద్యోగం పొడిగిస్తారు. లేదంటే నెలాఖరుకు మూటాముల్లే సర్దుకోవాలి.

మా ఆయనది ఇంకో గొడవ. వంతెనలు కట్టే ఇంజనీరు, నా కోసం ఈ ఊళ్లో పడి ఉండి మురుగుకాలవల ప్లాన్లు దిద్దుకుంటున్నాడు. దూరాన ఒక నది మీద పెద్ద వంతెన పనికి పిలుపొచ్చింది. ఈ సాయంత్రంలోగా జవాబివ్వాలి.

"నీ ముసలమ్మలు నిన్ను ఉంచుతారా, పొమ్మంటారా? తేల్చి చెప్పు తల్లీ," అన్నాడు పొద్దున బూట్లు తొడుక్కుంటూ.

"ఉంచుతార్లే," అన్నాను పళ్లు తోముకుంటూ.

ఆఫీసులో, వ్యాసం పంపేముందు చివరిసారి చూద్దామని కూర్చున్నాను. ఎర్ర చుక్క వెలుగును పక్క చుక్కలతో పోల్చి లెక్కగడతాం. ఆ పోలిక చుక్కలన్నీ నీలివే ఎంచుకున్నాను, నా మొహం! ఏటా కొన్నాళ్లు ఎర్రవీ నీలివీ అన్నీ ఆకాశంలో బాగా కిందగా ఉంటాయి. అప్పుడు మనకీ వాటికీ మధ్య గాలి ఎక్కువ. గాలి నీలి వెలుగునే ఎక్కువ మింగుతుంది. పొద్దు గూకేటప్పుడు సూర్యుడు ఎర్రబడేదీ అందుకే. పక్కింటివాళ్లు చిక్కిపోతే మనం లావెక్కినట్టు, నా ఎర్ర చుక్కలు వెలిగినట్టు కనపడ్డాయి. ఈసారి ఎర్రవాటితోనే పోల్చి చూశాను. ఏడాది లయ కాస్తా మాయమైంది. మిగిలింది ముసలాళ్ల మామూలు నస, ఎవరిది వాళ్లదే.

నోరు మూసుకుంటే సరిపోయేది. ఎవడు చూడొచ్చాడు! ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కాళ్లీడ్చుకుంటూ వెళ్లి పెద్దాయనకు చెప్పేశాను.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "పొడిగింపు కాగితం వచ్చాక చెప్పకూడదా అమ్మా?"

"అప్పుడైతే చెప్పలేనేమో సార్."



ఇంటికొచ్చే దారంతా ఒకటే ఊరట. పోనీలే, మా ఆయన వంతెనైనా అతనికి దక్కుతుంది. గుమ్మంలోనే చెప్పాను. "నా పని అయిపోయింది. టైముందిగా, వస్తున్నామని వాళ్లకి చెప్పెయ్."

కూరగాయలు తరుగుతున్నవాడు కత్తి పక్కన పెట్టాడు. "మధ్యాహ్నమే రానని చెప్పేశాను. జాబితాలో నా తరవాతివాడు అక్కడికక్కడే ఒప్పుకున్నాడట."

"అదేంటి! సాయంత్రందాకా ఆగొచ్చుగా?"

"నువ్వు ఉంచుతారన్నావుగా. నీ మాట విన్నాక ఇంకా ఆగడం దేనికి?"

ఎక్కడో ఉన్న చుక్కల్ని మళ్లీ మళ్లీ సరిచూసుకున్నాను. ఇతనికి చెప్పిన ఒక్క మాటని మాత్రం సరిచూసుకోలేదు. గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

"సర్లే, ముందు చేతులు కడుక్కునిరా," అని మళ్లీ కత్తి అందుకున్నాడు. ముక్కలు మాత్రం చాలాసేపు తెగలేదు.