కల్ అంటే నిన్నా, రేపా?

ఫలక్‌నుమా స్టేషన్ వెనక బస్తీలో, పొద్దున బడి సంచి భుజాన వేసుకుని బయలుదేరిన స్వీటీకి సందు దాటడానికి చాలాసేపు పట్టేది. ప్రతి గుమ్మం ముందూ ఎవరో ఒకరు ఆపేవారు.

"స్వీటీ, కల్ నల్లా వచ్చిందా?" నాగమణమ్మ బిందె తోముతూ అడిగేది.

"వచ్చింది పెద్దమ్మా. మీరే పట్టుకోలే. ఫోన్ల ముచ్చట వెట్టుకున్నరు."

"ఎవలతోని?"

"మీ చెల్లెతోని. మస్తు లొల్లి అయింది."

"అయితే రేపు దాని ఫోనే ఎత్తను, పో" అనేది నాగమణమ్మ. మర్నాడు ఎత్తేది. నీళ్ళు వచ్చి పోయేవి.

దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. ఆ సందులో సగం ఇళ్ళు ఉర్దూ మాట్లాడతాయి, తక్కిన సగం తెలుగులో ఉర్దూ కలుపుకుంటాయి. ఉర్దూలో నిన్నకూ రేపటికీ ఒకటే మాట, కల్. పెద్దవాళ్ళు వాక్యం చివర చూసుకుని అది నిన్నో రేపో తెలుసుకుంటారు. స్వీటీకి మాటలు వచ్చే వయసులో తల్లి మాణిక్యమ్మ గాజుల కార్ఖానాలో ఉండేది, తండ్రి డానియేలు స్టేషన్‌లో రైలు డబ్బాలు కడుగుతూ ఉండేవాడు. పిల్ల ఇరుగు పొరుగు చేతుల్లో పెరిగింది. కల్ అంటే రెండు వేరు వేరు రోజులని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకని రేపు కూడా నిన్నలాగే జరిగిపోయి ఆమె తలలో వచ్చి కూర్చునేది. ఫోనులో వాన సంగతి చూసుకునేవాళ్ళు కూడా బట్టలు ఆరేసే ముందు ఈ పిల్లను ఒక మాట అడిగేవారు.

ఆమె చదివే సర్కారు బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి రైలు పట్టాలు దాటి హైస్కూలుకు పోవాలి. ఏడుతో ఆపేసి బడి కట్టినవాళ్ళు, ఆ తర్వాత పిల్లలు ఎటు పోతారని ఒక్కసారి కూడా అనుకుని ఉండరు. ఎటు పోతారో బస్తీలో ఏ కార్ఖానా తలుపు తోసి చూసినా తెలుస్తుంది.

ఇంగ్లీషు చెప్పే కమలకుమారి మేడం మాత్రం ఏటా అనుకునేది. ఆమె ఏలూరు వైపు నుంచి పెళ్ళై వచ్చింది. మలక్‌పేటలో కాపురం. జుట్టు నెరిసినా బస్సులో ఇదే బడికి వస్తోంది. నోరు పెద్దది. చివరి రోజు గ్రూపు ఫోటో అయిపోగానే ఏడో తరగతి మొత్తాన్నీ తనే నడిపించుకుంటూ హైస్కూలుకు తీసుకెళ్ళి, పేర్లు రాయించి గానీ ఇంటికి పోయేది కాదు. జూన్‌లో రాయించుకుంటాంలే అన్న పిల్లలు జూన్‌లో కనబడరు. తర్వాతెప్పుడో బస్‌స్టాపులో కనబడతారు, చంకలో బిడ్డతో. అది చూసీ చూసీ ఆమె కడుపు మండిపోయింది.

ఆ ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. స్పెల్లింగ్ పోటీ అయిపోయింది, పద్యాలు అప్పజెప్పడం అయిపోయింది. మిగిలింది ఆఖరి అసైన్‌మెంటు: నిన్న నేనేం చేశాను. అంతా పాస్ట్ టెన్స్‌లో రాయాలి, నిలబడి చదవాలి, చార్టుకు అతికించి గోడకు తగిలించాలి. మర్నాడే చివరి రోజు.

ముందు కీర్తిప్రియ లేచింది. "యెస్టర్‌డే ఐ వేకప్ ఎట్ సిక్స్..."

"నిన్నటికి వేకప్ ఏమిటే? వోక్! వోక్ అప్!"

"వోక్ అంటే వాంతి చేస్కున్నట్టుంది మేడం."

క్లాసంతా నవ్వింది. మేడం కూడా నవ్వు ఆపుకుని, "వాంతి చేసుకునే లేవవే తల్లీ, టెన్స్ మాత్రం తప్పకు" అంది. "స్వీటీ, నువ్వు చదువు."

స్వీటీ లేచి కాగితం పట్టుకుంది. "యెస్టర్‌డే ఐ వెంట్ టు కార్ఖానా. ఐ సాట్ ఇన్ మై మదర్స్ ప్లేస్. మై ఫింగర్స్ బర్న్‌డ్. ఐ డిడ్ నాట్ కమ్ టు స్కూల్. ఐ వజ్ నాట్ ఇన్ ద ఫోటో."

ఎవరూ నవ్వలేదు. నిన్న స్వీటీ ఇదే బెంచీ మీద కూర్చుని ఉంది. ఇది రేపటి సంగతని అందరికీ తెలిసిపోయింది.

"మీ అమ్మకేమైంది?" మేడం అడిగింది.

"కండ్లకు పొర వచ్చింది మేడం. రాళ్ళు రెండు రెండు కనిపిస్తున్నయట. వేడి లక్కల రాళ్ళు అద్దుడు అయితలేదు. కార్ఖానా సేటు నన్ను తెమ్మన్నడు. మా బాపు పొద్దుగాల అడిగిండు, కల్ ఏమైంది బిడ్డా అని. కార్ఖానాకు పోయిన అని చెప్పిన."

"చెప్పిన?" మేడం ఆగింది. ఇన్నేళ్ళయినా ఆమెకు ఈ ఊరి 'చెప్పిన' వింటే వాక్యం ఇంకా మిగిలి ఉన్నట్టే అనిపించేది. "చెప్పిన తర్వాత ఏమైంది?"

"గంతే మేడం. చెప్పిన. సరే, అయిపోయింది గద అన్నడు. పోయి సేటుకు గూడ చెప్పొచ్చిండు."

"అవును మేడం, అయిపోయింది గద" అంది కీర్తిప్రియ, మెల్లగా.

"ఎవరు చెప్పారే అయిపోయిందని?" మేడం బల్ల మీద డస్టరు కొట్టింది. సుద్దపొడి లేచింది.

"వెంట్ అన్నది గద మేడం."

"తప్పు రాసింది! మీ బస్తీ బస్తీ అంతా కలిసి ఈ పిల్ల తప్పును నెత్తిన పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, గొడుగు తెచ్చుకోవడానికి బాగుంది కదా అని."

నిజమే. ఏడాది పొడుగునా ఆమె స్వీటీ పేపర్లలో యెస్టర్‌డే కింద ఎర్రగీత గీసి వదిలేసింది. నీళ్ళ సంగతి, వాన సంగతి, ఎవరింట్లోనో మేక ఈనిన సంగతి. దిద్దించాల్సినంత పెద్ద తప్పుగా ఎప్పుడూ కనిపించలేదు. ఇప్పుడు బోర్డు దగ్గరికి నడిచి, మధ్యలో నిలువుగా గీత గీసింది. ఒక పక్క వెంట్ అనీ, ఇంకో పక్క విల్ గో అనీ రాసింది.

"ఇటు రా. ఈ వెంట్ పక్కన నాట్ పెట్టాలంటే ఏమంటాం?"

"డిడ్ నాట్ గో."

"నిన్న నిజంగా వెళ్ళినవాడు డిడ్ నాట్ గో అంటే ఏమవుతుంది?"

"అబద్ధం అయితది."

"ఇప్పుడు ఈ పక్కకు రా. విల్ నాట్ గో. ఇది అబద్ధమా?"

స్వీటీ ఆలోచించింది. "కాదు మేడం."

"మరేమిటి?"

"ఏమో మేడం."

"నీ మాట. వెళ్ళనని నువ్వు చెప్పే మాట. జరిగిపోయినదాని మీద నీకు ఏ హక్కూ లేదు, దేవుడికే లేదు. దీని మీద ఉంది. కూర్చుని దిద్దు. పేజీ నిండా రాయి."

"కానీ నేను సూసిన మేడం."

"చూసిన... సరే, చూశావు. చూసినదాన్నే దిద్దమంటున్నాను."

స్వీటీ రాసింది. టుమారో ఐ విల్ నాట్ గో టు కార్ఖానా. మొదట చెయ్యి దానంతట అదే యెస్టర్‌డే రాసేది. కొట్టేసి మళ్ళీ రాసేది. క్లాసులో మిగతావాళ్ళు చార్టుకు జిగురు పూస్తున్నారు, అంచులకు రంగుకాగితం అతికిస్తున్నారు. పేజీ అడుగుకు వచ్చేసరికి స్వీటీ పెన్ను ఆగింది. ఊడిన పన్ను చోట నాలుక తడిమినట్టు తలలో తడిమి చూసుకుంది. అక్కడ ఏమీ లేదు.

"మేడం" అంది భయంగా, "రేపు కనిపిస్తలేదు."

"ఎవరికీ కనిపించదమ్మా" అంది కమలకుమారి, కాగితం తీసుకుంటూ. "చార్టుకు అతికించు."

మధ్యాహ్నం బస్తీలో కొంచెం గొడవైంది. నల్లా వచ్చిందా అని నాగమణమ్మ అడిగితే తెల్వదు పెద్దమ్మా అంది స్వీటీ. "గిదేంది, ఇంగ్లీషు సదివి ఉన్నది పోగొట్టుకున్నవా?" అని ఆమె తిట్టుకుంటూ, ఇంట్లో ఉన్న బిందెలన్నీ ముందే బయట పెట్టింది.

డానియేలు డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కుని, అన్నం ముందు కూర్చున్నాడు. మాణిక్యమ్మ పళ్ళెం అంచు వేళ్ళతో తడుముకుని వడ్డించింది.

"పొద్దుగాల తొందరగ లెవ్వు బిడ్డా" అన్నాడు. "ఎట్లయింది కల్, ఎక్కువ కాలిందా చెయ్యి?"

"తెల్వదు బాపు. రేపు ఇంక రాలే."

రేపు అనే మాట ఆ పిల్ల నోట ఆ ఇంట్లో వినబడడం అదే మొదలు. డానియేలు ముద్ద కలపడం ఆపాడు.

"గదేంది? పొద్దుగాల పోయిన అన్నవ్."

"తప్పు రాసిన్నట. మేడం దిద్దిపిచ్చింది. నేను పోను అని రాసిన."

"ఎవలు పోవద్దన్నరు?"

"ఎవలు అనలే. నేనే అన్న."

అతను భార్య వంక చూశాడు. "ఏం జేద్దామే?"

"పొద్దున నన్నడిగినవా?" మాణిక్యమ్మ అంది. "అయిపోయిందన్నవ్. నేను గూడ ఊకున్న. అయిపోయినదానికి ఏడ్సి ఏం లాభమని. ఇప్పుడు అయిపోలేదంటుంది గద. నువ్వే చెప్పు ఏమైతదో."

పేదవాడికి ఒక సుఖం ఉంది, అంతా ముందే జరిగిపోయిందని అనుకోవడం. తన బిడ్డ చేతిని బొగ్గుల పొయ్యి దగ్గర పెట్టేది తను కాదనీ, అది ఎప్పుడో అయిపోయిన సంగతనీ అనుకుని డానియేలు పొద్దుటి నుంచీ డబ్బాలు కడిగాడు. ఇప్పుడు ఆ పని మళ్ళీ తన ముందే నిలబడి ఉంది, చెయ్యమంటావా వద్దా అని అడుగుతూ. అన్నం సగంలో వదిలేసి లేచి, చెప్పులు వేసుకున్నాడు.

కార్ఖానాలో సేటు రాళ్ళ డబ్బాలు సర్దుతున్నాడు.

"సేట్, మా బిడ్డ రాదు."

"క్యా భాయ్, కల్ వచ్చిందని నువ్వే గదా చెప్పినవ్?"

"గది తప్పు రాసిందట. దిద్దుకున్నది."

సేటు చేతిలో డబ్బాకు మూత పెట్టాడు. ఆ బస్తీలోనే పుట్టినవాడు కాబట్టి ఇంకేమీ అడగలేదు. "మరి మాణిక్యమ్మ పీట ఖాళీ గద. వేరేవాళ్ళకు ఇచ్చేస్తా."

"ఇయ్యకు సేట్. డ్యూటీ దిగినంక నేను వచ్చి కూసుంట."

"నువ్వా?" సేటు డానియేలు చేతులు చూసి నవ్వాడు. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని, ఒక్కో వేలూ ఉబ్బి ఉంది. "గా మొద్దు వేళ్ళతోని ఆవగింజంత రాయి పట్టుకుంటవా? అయితదా నీతోని?"

డానియేలు కూడా తన వేళ్ళ వంక చూసుకున్నాడు.

"తెల్వదు సేట్" అన్నాడు. "రేపు సూడాలె."