గడప లేని తలుపు

మా బావ గిరిబాబుకి ఇంటి ప్లాను గీయడమంటే పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, గోడలు అటూ ఇటూ జరపడం. శ్రీకాకుళంలో మందుల షాపు మీద రెండు గదుల ఆఫీసు మాది. ఆయన యజమాని, నేను కంప్యూటర్లో ప్లాన్లు గీసే మనిషిని. పాత ఫైలుతో పాటు పాత తప్పులూ వస్తాయి. ఒక ఇంట్లో మెట్లకి తగిలిన తలుపు, ఆ తర్వాత గీసిన ఇళ్లన్నిట్లోనూ మెట్లకే తగిలింది. మేస్త్రీల చేత తిట్లు తిన్నది మాత్రం నేను. అందుకే పంతం పట్టాను.

తలుపులు, కిటికీలు, వంటగట్టు, మెట్లు ఒక్కొక్కటీ ఒక్కసారే శుభ్రంగా గీసి, పేరు పెట్టి, ఒక ఫోల్డర్లో సర్దిపెట్టాలి. కావలసినప్పుడు అక్కడి నుంచి తెచ్చి పెట్టుకోవాలి. వీటిని బ్లాకులంటారు. బ్లాకుని ఒక్కచోట సరిచేస్తే, ఆ డ్రాయింగులో అది పెట్టిన ప్రతి చోటా మారుతుంది. బావ మటుకు నా ఫోల్డర్‌కి ‘ఈశ్వరి అటక’ అని పేరు పెట్టాడు.

"గీసిన తలుపుని మళ్ళీ దాసుకోడమేటే? తలుపేటి, ఊరగాయా?" అనేవాడు.

నేను వినలేదు. వర్షాకాలమంతా, పని మధ్య ఏ కాస్త ఖాళీ దొరికినా కూర్చుని సర్దాను.

అప్పుడొచ్చింది కాలనీ పని. సముద్రం ఒడ్డుని కోసుకుపోతోందని వెనక్కి జరుగుతున్న చేపల వాళ్ల సంఘం మా చేత ఇళ్లు గీయించింది. వీధులు వీధులుగా ఇళ్లు, అన్నీ ఒకే డ్రాయింగులో. బావ పద్ధతిలో నెల పట్టే పని నా అటకతో వారంలో తేలిపోయింది. నాకు గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

ఆ గర్వం లక్ష్మణమ్మ వచ్చేదాకానే. సంఘానికి ఆవిడ పెద్ద, ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ప్రింటు బల్ల మీద పరిపించుకుని, తన ఇల్లేదో అడిగి, వీధి తలుపు మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఏటమ్మా, గడపేది?"

చూశాను. తలుపు రెక్క ఉంది, అది తెరుచుకునే వంపు ఉంది. గోడకీ గోడకీ మధ్య అడ్డంగా ఉండాల్సిన రెండు గీతలు లేవు.

"పండగొస్తే పసుపెక్కడ రాస్తాం? కోడలొస్తే ఏటి దాటుకొని లోపలికొస్తాది?"

తక్కిన ఇళ్లూ చూశాను. ఒక్కదానికీ గడప లేదు. అటక సర్దినప్పటి సంగతి గుర్తొచ్చింది. ముందు స్నానాలగది తలుపు గీశాను, దానికి గడప అక్కర్లేదు. దాన్నే కాపీ చేసి, వెడల్పు పెంచి, వీధి తలుపని పేరు పెట్టేశాను. కాపీ కొట్టొద్దని బావతో రోజూ దెబ్బలాడిన నేనే కాపీ కొట్టాను.

పైగా పాతపట్నంలో ఉన్న వడ్రంగి త్రినాథ్‌కి ద్వారబంధాల కొలతలు పొద్దున్నే వెళ్లిపోయాయి. మా బొమ్మ ప్రకారం గడప చెక్క లేకుండా మూడేసి చెక్కలు. భోజనం కాగానే కోత మొదలు. బావ ఫోన్ చేసి గంటసేపు ఆగమని బతిమాలాడు. ఫోన్ పెట్టేసి నా మీద పడ్డాడు.

"సూసావా? నా పద్ధతిలో తప్పు ఒకింటికే. నీ పద్ధతిలో ఊరు మొత్తానికి! ఈ పనవ్వగానే ఆ అటక తీసి పారేస్తాను. ఇంక పాత ఫైలే."

అందులో నిజముంది కాబట్టి నాకు ఇంకా మండింది. వర్షాకాలమంతా చేసిన పని ఒక్క నొక్కుతో పోతుంది. పోనివ్వదలచుకోలేదు.

"తప్పు నాదే బావా. ఊరందరికీ ఒక్కసారే సేసాను, ఊరందరికీ ఒక్కసారే దిద్దుతాను. సూడు."

వీధి తలుపు బ్లాకు తెరిచి రెండు గీతలు గీసి సేవ్ చేశాను. తెర మీద వీధి వెంబడి గడపలు పడ్డాయి. లక్ష్మణమ్మ "అమ్మోయ్" అంటూ ముందుకు వంగింది.

కానీ పడమటి వరసలో కొన్ని ఇళ్లు మారలేదు.

"అదిగో, దీన్ని నమ్ముకుంటే ఇంతే," అన్నాడు బావ.

ఆ ఇళ్లలో ఒక తలుపు మీద నొక్కాను. బ్లాకైతే మొత్తం తలుపు ఒకేసారి పట్టుబడాలి. ఒక్క గీతే పట్టుబడింది. ఎవరో బ్లాకుని విడి గీతలుగా పగలగొట్టేశారు. అలా పగలగొట్టాక దానికి అసలుతో సంబంధం ఉండదు, అక్కడ దిద్దింది ఇక్కడికి రాదు. ఆఫీసులో గీసేవాళ్లం ఇద్దరమే. నేను పగలగొట్టలేదు.

బావ వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

"వాస్తు కోసం రెక్క అటేపు తిప్పాల్సొచ్చినాది," అన్నాడు చివరికి. "ఎలాగో నాకు తెల్దు. నిన్నడిగితే సులకనైపోతానని పగలగొట్టీసాను."

నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. నేనే పెట్టేస్తే చిటికెలో అయిపోయేది. పెట్టలేదు. కుర్చీలోంచి లేచాను.

"నువ్వు పగలగొట్టినవి నువ్వే ఎట్టు. నాను పక్కనుంటాను."

"టైం లేదే!"

"సరిపోద్ది. కూకో."

బావ ఆదుకోమన్నట్టు లక్ష్మణమ్మ వైపు చూశాడు. ఆవిడ స్టూలు లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.

"కానీ బాబూ, నా ఇల్లూ ఆ వరసలోనే ఉన్నాది."

బావ విడి గీతలు చెరిపాడు, అటక తెరిచాడు, వీధి తలుపు తెచ్చి పెట్టాడు. మొదటిది గోడలో కుదరక తనని తానే తిట్టుకున్నాడు. రెక్క ఎలా తిప్పాలో చూపించాక చెయ్యి దారిలో పడింది. ఆఖరిది లక్ష్మణమ్మ ఇల్లు. గడప పడగానే ఆవిడ తెర మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా పసుపు రాసినట్టు మెల్లగా లాగింది.

"ఇప్పుడు ఇల్లయినాది," అంది.

బావ త్రినాథ్‌కి ఫోన్ చేశాడు. "నాలుగేసి సెక్కలు. అవును, గడపతోనే. అన్నిళ్లకీ."

ఆవిడ వెళ్లిపోయాక కూడా బావ కుర్చీలోంచి లేవలేదు. ఆయన ఎదురుగా అటక తెరిచే ఉంది. పనవ్వగానే తీసి పారేస్తానన్నాడు కదా, నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మౌస్ బాణం నేను పెట్టిన పేర్ల మీదుగా కిందికి వెళ్లింది, పైకి వచ్చింది.

"ఒసే ఈశ్వరీ," అన్నాడు వెనక్కి తిరగకుండా. "కిటికీలు ఏ పేరుతో ఎట్టావే?"