టక్కుమనే భుజం

గద్వాలలో ఇస్రాయేలు షెడ్డుకు ట్రాక్టర్లు, జీపులు తప్ప వేరేవి వచ్చేవి కావు. 2006 ఎండాకాలంలో మాత్రం ఎర్రటి విదేశీ స్పోర్ట్స్ కారొకటి ట్రాక్టరు వెనక తాడుకు వేలాడుతూ వచ్చింది. కాంట్రాక్టరు భానుప్రకాశ్ దాన్ని బొంబాయి వేలంలో కొన్నాడు. ఇటిక్యాల దాటకముందే అది కన్నుమూసింది.

ఇస్రాయేలు ఇంజను విప్పేశాడు. విప్పడం ఎవరికైనా వస్తుంది. బిగించడంలోనే ఉంది చిక్కంతా. ఆ బోల్టులు కాస్త వదులైతే నూనె కారుతుంది, కాస్త ఎక్కువ బిగిస్తే తెగి చేతికొస్తాయి. సరిగ్గా బిగిసినచోట 'టక్' మనే ప్రత్యేకమైన పానా ఒకటి ఉంటుందట. గద్వాలలో లేదు, వనపర్తిలో లేదు. నాగర్‌కర్నూలులో అడిగితే, చప్పుడు చేయని మంచి పానా ఉంది, తీసుకుపొమ్మన్నారు. చివరికి కర్నూలులో ఒకాయన ఇచ్చాడు, సాయంత్రం బస్సుకే తిరిగి పంపాలని. తీరా చూస్తే బిగించేముందు ఇంజను అతుకులో వేయాల్సిన గ్యాస్కెట్ ఆ రోజు రానేలేదు.

తెచ్చిన పానా ఊరికే పోతుందని ఏడుపొచ్చి, ఇస్రాయేలు దాన్ని ఒక పాత బోల్టుకు తగిలించి వెంకటన్నను లాగమన్నాడు. వెంకటన్న కొల్లాపూర్ తోటలో మామిడికాయలు తెంపుతూ చెట్టు మీద నుంచి పడి భుజం చెడగొట్టుకున్నవాడు. ఆ తర్వాత ఎవరూ పనికి పిలవక, షెడ్డులో వచ్చి కూర్చునేవాడు. లాగాడు. పానా 'టక్' మంది. భుజమూ 'టక్' మంది. మళ్లీ లాగించినా రెండూ ఒకేసారి.

"గా పానా పోతే పోనియ్ వెంకటన్నా, నువ్వున్నవ్ గద!" అన్నాడు ఇస్రాయేలు.

అలా పనికిరానివాడు కాస్తా పనిముట్టయ్యాడు. గ్యాస్కెట్ వచ్చేలోగా ట్రాక్టర్ల బోల్టులన్నీ అతనే బిగించాడు. వేడికి కీలు సాగుతుందని ఎండలోకి పోనిచ్చేవారు కాదు. అయిజ మెకానిక్కు ఒక పూట అరువడిగితే ఇస్రాయేలు ఇవ్వనన్నాడు. వెంకటన్న మీసం మళ్లీ పైకి లేచింది.

అతని భార్య సుగుణమ్మకు ఇవేవీ పట్టలేదు. రోజూ వేడి ఆముదంతో ఆ భుజాన్ని మర్దన చేసేది. గ్యాస్కెట్ వచ్చిన పొద్దున వెంకటన్న చెయ్యి తిప్పి చూసుకున్నాడు. నొప్పి లేదు. చప్పుడూ లేదు. బాగుపడ్డ భుజాన్ని ఎవరు పిలుస్తారు?

ఆ బిగువు చేతికి ఎప్పుడో అలవాటైపోయింది కాబట్టి, బోల్టు అక్కడికి రాగానే నాలుకతో 'టక్' మనిపించాడు. బోల్టు బోల్టుకూ అదే పని. కారు గర్జించి లేచింది. భానుప్రకాశ్ దాన్లో ఊరంతా తిరిగి బర్రెలను బెదరగొట్టాడు. ఇంటికొచ్చి సుగుణమ్మ ముందు కూడా వెంకటన్న అలాగే టక్కుమనిపించాడు.

మర్నాడు ఇంటిముందు నల్లా దగ్గర ఆమె నిండు బిందె చూపించింది.

"ఎత్తు."

"భుజం గుంజుతుందే."

"గా టక్కు నాలికదని నాకు తెల్వదా? ఎత్తయ్యా."

వెంకటన్న బిందె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాకిట్లోకి ఇస్రాయేలు వచ్చాడు.

"వెంకటన్నా, వనపర్తి నుంచి ఇంకో కారొచ్చింది, జల్ది..." అంటూ ఆగిపోయాడు. భుజం వైపు చెవి పెట్టాడు. చప్పుడు లేదు. భయానికి వెంకటన్న నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

'టక్' మంది.

వెనక సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"గిసొంటి బరువులు మోపియ్యకు వదినా, సామాను ఖరాబైతది" అని కసురుకుని, ఇస్రాయేలు ఆ నిండు బిందెను తానే మోసి ఇంట్లో పెట్టాడు.