చారలేని పన్ను

చండభానుకిరణసంతప్తమైన వైశాఖమాసమున కనిగిరిసీమయందలి బావులన్నియు అడుగంటి ఉప్పుతేలిన రాళ్ళను బయటపెట్టుకొని నోళ్ళు తెరచియుండెను. ఆ సీమ నీటికొక గుణము కలదు. పుట్టినది మొదలు దానిని త్రావి పెరిగినవారి దంతములపై గోధుమవన్నె చారలు పడును. ఎంత తోమినను అవి పోవు. పట్టణములవారు ఆ చారలను చూచి పరిహసింతురు గాని అక్కడివారు మాత్రము వానిని బట్టియే తమవారిని గుర్తుపట్టుదురు.

ఆ సీమలో పుట్టి సముద్రతీరపట్టణమున బియ్యపుమిల్లు యజమానుడగు చెంచురామయ్యకు ఇల్లాలైన మాలకొండమ్మ అత్తవారింట నవ్వి యెరుగదు. ముక్కుమీది కోపమును ఇనుపగుదియలవంటి చేతులును గల ఆ భర్త యొకనాడు పులుసులో ఉప్పెక్కువైనదని దంతములు పటపట కొరుకుచు నీళ్ళతో నిండిన రాగిచెంబునెత్తి ఆమె ముఖముపై మోదగా మీదివరుస ముందుపన్ను సగమునకు విరిగి నెత్తుటితోగూడ కంచములోని అన్నముపై రాలెను. వానిని మగవాడనుటకు నాకు నోరు రాకున్నది.

"మీ అన్నకు తెలిసిందంటే నరికి ఉప్పుపాతరేస్తా" అని వాడు కంచమును కాలితో తన్ని లేచిపోయెను.

అన్న కొమరుని పుట్టువెండ్రుకల పండుగ దగ్గరపడుచుండెను గావున ఆ విరిగిన పన్ను కనబడకుండ చేయింపదలచి చెంచురామయ్య భార్యను దంతవైద్యురాలగు హైమవతికడకు తోడ్కొనిపోయెను. ఆమె రోగిని కిటికీచెంత కూర్చుండబెట్టి పెదవులు తుడిచి పండ్లు తడియారి వెలవెలబోవకమున్నే పగటివెలుతురున పింగాణి నమూనాలను ఒక్కొక్కటిగా వానిప్రక్క నిలిపి వన్నె సరిచూచెను.

"పక్క పళ్ళమీద చారలున్నాయండీ. విరిగిన పంటికి వేసే తొడుగుమీద కూడా అవే దిద్దాలి. లేకపోతే చూడగానే తెలిసిపోతుంది."

"చారలెందుకండీ? ఆ ఉప్పునీళ్ళ గుర్తు నా పెళ్ళానికి అక్కర్లా. తెల్లగా మెరిసేది పెట్టండి."

హైమవతి మాలకొండమ్మవంక చూచెను.

"ఆయన చెప్పినట్టే చేయండమ్మా."

అది భయపడి పలికిన మాటయని వైద్యురాలు తలచెను. భయము లేకపోలేదు. కాని నోరు విప్పరాదని శాసింపబడిన ఆ యిల్లాలు తన మారుగా ఆ పన్నే అన్నతో మాటలాడునని అప్పుడే నిశ్చయించుకొనెను.

పండుగనాడు కొండమీది దేవళమునొద్ద గుండు గీయించుకొన్న పసివాడు తన నెత్తిని తానే తడుముకొని బిక్కమొగము వేయగా మేనత్తకు నవ్వాగలేదు. కొట్టబోవు కొబ్బరికాయను చేతబట్టుకొని నిలిచియున్న అన్న పేరయ్య ఆ నవ్వును చూచి అట్లే నిలిచిపోయెను.

"ఏమ్మే, ఈ పన్ను మనది కాదే! చార ఏమైంది?"

"గడప తట్టుకొని పడింది బావా" అని చెంచురామయ్య అడ్డువచ్చెను.

పేరయ్య వానివైపు తలయైనను త్రిప్పలేదు. "నువ్వు చెప్పు. పడ్డావా?"

"పడలేదన్నా. చెంబుతో కొట్టాడు."

ఆ మాట వినినంతనే ఆగ్రహోదగ్రుడై పేరయ్య చెంచురామయ్య జుట్టొడిసిపట్టి దేవళపు మెట్టునకు అదిమి చేతిలోని కొబ్బరికాయతోనే వాని మూతిని మోదెను. కాయ పగిలెను. పగిలిన చిప్పతో మరల మరల మోదుచుండగా పై వరుసయు క్రింది వరుసయు పొడిపొడియై కొబ్బరినీళ్ళును నెత్తురును కలిసి మెట్లపై జారెను. నలుగురు పట్టి లాగినగాని ఆ చేయి ఆగలేదు. అది ధర్మమని నేను వాదింపను. అయ్యో యనుటకును నాకు మనసొప్పదు.

వాపు తీసిన పిదప చెంచురామయ్య అదే వైద్యశాలలో అదే కిటికీచెంత కూర్చుండెను. ముందుపండ్లు ఒక్కటియు మిగులనందున వన్నె దేనితో సరిచూడవలయునో హైమవతికి తెలియదాయెను. అతనినడుగగా తన పండ్ల వన్నె తానేనాడు చూచుకొన్నాడు?

తన తెల్లని తొడుగును మార్పించుకొన ఆనాడే అన్నతో వచ్చి బల్లపై కూర్చున్న మాలకొండమ్మ లేచివచ్చి నమూనాలవరుసలోనుండి తడుముకొనక ఒకదానిని తీసెను.

"ఇదేనమ్మా. మొదలుకాడ కాస్త పసుపు. కొసన బూడిదరంగు."

"అంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నావమ్మా?"

"కొట్టేటప్పుడు పళ్ళు కొరికేవాడు. నా మొహానికి జానెడు దూరంలో. మరిచిపోతానా?"

వైద్యురాలు ఆ నమూనాను అందుకొని ప్రక్కన పెట్టెను. తరువాత చెంచురామయ్యవైపు తిరిగి "పెట్టినాక ఒక్క జాగ్రత్త. పళ్ళు కొరకగూడదు. కోపమొచ్చి కొరికారంటే పింగాణి పగులుతుంది" అని చెప్పెను. వాడు తలవంచెను.

మాలకొండమ్మ వాని ప్రక్కనుండి నడచిపోయి రెండవ కుర్చీలో కూర్చుండి "నాకు మా ఊరి చార దిద్దండమ్మా. ఇక నేను అక్కడే ఉంటా" అని కిటికీవెలుతురునకు నోరు నిండార తెరచెను.